కల్యాణోత్సవానికి లైసెన్స్ ఉన్న బాణసంచా సంస్థ: వారి పనితీరుపై ఒక సమీక్ష

కోనసీమలోని మా ఊరి వేణుగోపాలస్వామి ఆలయంలో భీష్మ ఏకాదశికి కల్యాణోత్సవం జరుగుతుంది. ఆ రాత్రి బాణసంచా కాల్చడం పాత ఆనవాయితీ. ఈ ఏడాది ఉత్సవ కమిటీ ఆ పనిని, బాణసంచా ప్రదర్శనలనే వృత్తిగా నడుపుతూ అందుకు కావలసిన లైసెన్సులన్నీ ఉన్న ఒక సంస్థకు అప్పగించింది. కమిటీ తరఫున కాగితాల పని, ఆ సంస్థతో మాటామంతీ నేనే చూశాను కాబట్టి, ఇటువంటి ఆలోచనలో ఉన్న ఆలయ కమిటీలకు, పెళ్ళివారికి, కళాశాలల వారికి ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను. వారి లోపాలు కూడా చెప్పబోతున్నాను కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు. తీర్పు మాత్రం ముందే చెబుతాను: ఆకాశంలో వారు చూపించినది బాగుంది, నేల మీద వారు చేసిన పని అంతకంటే బాగుంది. మేం చెల్లించిన సొమ్ములో ఎక్కువ భాగం ఆ రెండో దానికే సార్థకమైందని నా అభిప్రాయం.

మా దగ్గర ఇన్నాళ్ళూ ఈ పని చేసినది చుట్టుపక్కల ఊళ్ళ మందుగుండు తయారీదారులే. వారి చేతి పనితనం మీద నాకు గౌరవం ఉంది. చిచ్చుబుడ్డి పువ్వు ఎంత ఎత్తున విచ్చుకోవాలో, తారాజువ్వ ఏ వైపు వంగుతుందో కంటితోనే అంచనా వేయగలిగినవారు వారిలో ఉన్నారు. కానీ ఔట్లు వేసే ఇనుప గొట్టం మీదికి ఒంగి, చేతిలోని కాగడాతో వత్తి ముట్టించి, పక్కకు పరుగెత్తే పద్ధతిని ఇంకెంతకాలం కొనసాగనివ్వాలన్న ప్రశ్న కమిటీలో గట్టిగానే వచ్చింది. తయారీ కేంద్రాల్లో జరిగిన ఘోరాలు మా జిల్లాల వారికి కొత్త కాదు. 2014 అక్టోబరులో అప్పటి తూర్పుగోదావరి జిల్లా వాకతిప్పలోనూ, 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలోనూ పేలుళ్ళు కూలి పని చేసుకునేవారి ప్రాణాలు తీశాయి. కైలాసపట్నంలో ఎనిమిది మంది చనిపోయారు. ఇక ప్రదర్శన సమయంలోనే జరిగిన వినాశనానికి కేరళలోని కొల్లం జిల్లా పరవూరు పుట్టింగల్ ఆలయం ఉదాహరణ. 2016 ఏప్రిల్ 10 తెల్లవారుజామున అక్కడ పోటీగా బాణసంచా కాలుస్తుండగా నిప్పు నిల్వ ఉంచిన మందుగుండుకు అంటుకుని వందమందికి పైగా మరణించారు. ఆ పోటీ ప్రదర్శనకు జిల్లా యంత్రాంగం అనుమతి నిరాకరించిందన్న సంగతి ఉత్సవాలు నిర్వహించే ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోవలసినది. మా కమిటీ పెద్దలను ఒప్పించినది కూడా ఆ సంగతే.

సంస్థను వెతికేటప్పుడు మొదట ఎదురైన చిక్కు లైసెన్స్ అనే మాటతోనే వచ్చింది. మేం కబురు చేసిన ప్రతివారూ లైసెన్స్ ఉందనే చెప్పారు. తీరా కాగితం తెప్పించి చూస్తే, ఒకరిది దీపావళికి ఇచ్చే తాత్కాలిక దుకాణం అనుమతి, మరొకరిది దుకాణంలో బాణసంచా అమ్ముకోవడానికి ఇచ్చినది. అమ్మే లైసెన్స్ ఉన్నంత మాత్రాన జనం మధ్య ప్రదర్శన ఇచ్చే అర్హత రాదు. మన దేశంలో ఈ వ్యవహారమంతా 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, దాని కింద రూపొందిన 2008 నాటి నిబంధనల ప్రకారం నడుస్తుంది. నాగపూర్ ప్రధాన కార్యాలయంగా పనిచేసే పెసో, అంటే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ, దీనికి పై అధికారం. సంస్థ దగ్గర సరుకు నిల్వకు, అమ్మకానికి లైసెన్స్ ఉండటం ఒక విషయం. ఫలానా రోజున ఫలానా స్థలంలో ప్రజా ప్రదర్శన చేయడానికి జిల్లా మేజిస్ట్రేటు ఇచ్చే ఎల్‌ఈ-6 లైసెన్స్ మరొక విషయం. మొదటిది ఎప్పటి నుంచో సంస్థ చేతిలో ఉండాలి, రెండోది ప్రతి ఉత్సవానికీ కొత్తగా తెచ్చుకోవాలి. మేం కుదుర్చుకున్న సంస్థ ఈ తేడాను మేం అడగకముందే విడమరచి చెప్పింది. లైసెన్స్ నకలుతో పాటు గడువు తేదీని, గోదాము చిరునామాను, ఎంత సరుకు నిల్వ చేయవచ్చో ఆ పరిమితిని కూడా చూపించింది. వారిని ఎంచుకోవడానికి ఇది నాకు మొదటి కారణం.

కాగితాల పనిలో వారు నిజంగా తోడుగా నిలిచారు. కలెక్టరు కార్యాలయానికి పెట్టుకునే దరఖాస్తుతో స్థలం నక్షా, కాల్చబోయే సరుకు పట్టిక, పనివారి వివరాలు జతచేయాలి. ఆ తరువాత పోలీసు, అగ్నిమాపక, రెవెన్యూ శాఖల నివేదికలు రావాలి. పోలీసు కమిషనరేట్లున్న నగరాల్లో అయితే ఈ అనుమతులు కమిషనరు కార్యాలయం ద్వారా నడుస్తాయి. నక్షాను వారే గీసి ఇచ్చారు. అందులో గాలిగోపురం, కోనేరు, విద్యుత్ తీగలు, గడ్డిమేట్లు, తాటాకు పాకలు, ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వరకు ఉన్న దూరం అన్నీ కొలిచి రాసి ఉన్నాయి. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా పరిగణిస్తారని, ఆ పరిధిలో శబ్దం చేసే బాణసంచా కాల్చకూడదని చాలామందికి తెలియదు. అగ్నిమాపక అధికారి పరిశీలనకు వచ్చినప్పుడు ఆ నక్షా చేతిలో పట్టుకునే నడిచారు, పెద్దగా ప్రశ్నలు కూడా వేయలేదు. ఒక్కటి మాత్రం చెప్పాలి: దరఖాస్తును కనీసం నెల ముందు పెట్టాలని వారు చెప్పినా, ఏ శాఖకు ఏ కాగితం ఎన్ని నకళ్ళు కావాలో ఒక్కసారిగా రాసి ఇవ్వలేదు. ఒక్కొక్కటే ఫోనులో చెప్పడం వల్ల మా కుర్రవాళ్ళు అమలాపురం చుట్టూ అనవసరంగా తిరగవలసి వచ్చింది. అనుభవం ఉన్న సంస్థకు ఇది అరపేజీ పని.

ఈ సంస్థ విలువ నాకు పూర్తిగా తెలిసినది స్థలం చూడటానికి వచ్చిన రోజున. ఆలయం వెనుక దాళ్వా, అంటే రెండో పంట వరి, వేయకుండా వదిలిన మాన్యం భూమిని మేం చూపించాం. వారి పర్యవేక్షకుడు ముందుగా టేపు తీయలేదు. పొలం గట్టు మీద చాలాసేపు నిలబడి, గాలి ఎటు వీస్తున్నదీ, సాయంత్రం పూట ఎటు మళ్ళుతుందీ అక్కడి రైతులను అడిగి తెలుసుకున్నాడు. ఆ తరువాతే జనం నిలబడే చోటు నుంచి గొట్టాలు పాతే చోటు వరకు కొలిచాడు. దూరం సుమారు 350 అడుగులు వచ్చింది. మా కమిటీ కోరిక ఆరు అంగుళాల షెల్లు, అంటే గొట్టంలోంచి పైకి లేచి ఆకాశంలో విచ్చుకునే మందుగుండు గుండ్లు. దానికి ఆయన ఒప్పుకోలేదు. షెల్ వ్యాసంలో ప్రతి అంగుళానికి 70 అడుగుల చొప్పున ప్రేక్షకులకు దూరం ఉండాలన్నది అమెరికాలో పాటించే ప్రమాణం. తమ సంస్థ దానిని తన సొంత నియమంగా పెట్టుకుందని చెప్పాడు. ఆ లెక్కన ఆరు అంగుళాలకు 420 అడుగులు కావాలి, మా పొలంలో అంత లేదు. అయితే అయిదు అంగుళాలు సరిగ్గా సరిపోతాయి కదా అని మా అధ్యక్షులు అడిగారు. "సరిగ్గా సరిపోతే చాలదండీ, గాలి తిరిగితే మనకి మిగులు ఉండాలి కదండీ" అని ఆయన నాలుగు అంగుళాల దగ్గరే ఆగిపోయాడు. నాలుగు అంగుళాలకు 280 అడుగులు చాలు కాబట్టి మాకు 70 అడుగుల మిగులు దక్కింది. పెద్ద షెల్లు వేస్తే సంస్థకు వచ్చే సొమ్ము కూడా పెరుగుతుంది. ఆ ఆదాయాన్ని వదులుకుని కాదన్న మనిషిని చూసిన తరువాత నాకు ఈ సంస్థ మీద కుదిరిన నమ్మకం ప్రదర్శన పూర్తయ్యేవరకు సడలలేదు.

గడ్డిమేటు విషయం మరింత కష్టమైంది. పొలానికి ఈశాన్యం మూలన ఒక రైతు గడ్డిమేటు ఉంది. పశువులకు ఏడాది మేత అదే. దానిని తడిపి పైన పట్టా కప్పుతామని మేం చెప్పాం. తడిపిన గడ్డి పైన తడిగా ఉన్నా లోపల ఎండుగానే ఉంటుందని, గాలి అటు తిరిగితే కాలుతున్న తునక ఒకటి చాలునని, మేటు అక్కడ ఉన్నంతవరకు తాము గొట్టం దింపేది లేదని సంస్థవారు స్పష్టంగా చెప్పారు. చివరికి ఆ రైతు అంగీకారంతో, కూలీల ఖర్చు కమిటీ భరించి, మేటును దూరంగా ఉన్న కళ్ళంలోకి మార్పించాం. ఊళ్ళో కొందరికి ఇది అతిగా అనిపించింది. నాకు అనిపించలేదు. పక్కనున్న కొబ్బరితోటలో రాలిపడిన ఎండు మట్టలను ఏరించమని కూడా వారే చెప్పారు, ఆ ఏరిన మట్టలు ఎంత పోగు అయ్యాయో చూసిన తరువాత ఆక్షేపించినవారు కూడా మాట్లాడలేదు.

సరుకు పట్టిక దగ్గర మా యువకులకు, సంస్థకు మధ్య కొంత వాదన జరిగింది. రథం ముందు పదివేల వాలా కాల్చాలన్నది యువకుల పట్టుదల. 2018 అక్టోబరు 23న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇటువంటి సరాల తయారీని, అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించిందని, వాటిని పట్టికలో రాసి సంతకం పెట్టడం తమవల్ల కాదని సంస్థ చెప్పింది. అదే తీర్పు బేరియం లవణాలను కూడా నిషేధించింది. బాణసంచాలో ముదురు ఆకుపచ్చ రంగు వచ్చేది ప్రధానంగా బేరియం వల్లనే. అందుచేత చిక్కని ఆకుపచ్చను తాము హామీ ఇవ్వలేమని, ఎవరైనా ఇస్తామంటే అందులో ఏమి కలిపారో అడగమని వారు నిజాయితీగా చెప్పారు. పేలే రకాలన్నీ, పేలిన చోటికి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ పరిమితికి లోబడి ఉన్నవేనని పెట్టెల మీది ముద్రలు చూపించారు. కేంద్ర పరిశోధన సంస్థ నీరి రూపొందించిన హరిత బాణసంచాకు ఉండే గుర్తు, క్యూఆర్ కోడ్ కూడా ఆ పెట్టెల మీద ఉన్నాయి. హరిత బాణసంచా అంటే పొగే రాదని మా ఊళ్ళో ఒక అపోహ ఉండేది. కాలుష్య కారకాలు కనీసం 30 శాతం తగ్గుతాయన్నది మాత్రమే దాని అర్థం. ఈ మాట కూడా సంస్థవారే సవరించి చెప్పారు. సరుకు అమ్ముకునేవాడు తన సరుకు గురించి ఇలా ఉన్నదున్నట్లు చెప్పడం నాకు చాలా నచ్చింది.

సమయం విషయంలో కూడా వారి మాటే నెగ్గింది. మా ఆనవాయితీ ప్రకారం కల్యాణం ముగిసిన తరువాత, అంటే దాదాపు అర్ధరాత్రి, బాణసంచా కాల్చేవారు. శబ్దం చేసే బాణసంచాను రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు కాల్చరాదని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. కాబట్టి రథోత్సవం ముగిసి స్వామి ఆలయానికి తిరిగివచ్చే వేళకు, ఎనిమిదిన్నరకు ప్రదర్శన పెట్టుకున్నాం. అర్చకస్వామికి దీనిపై ఏ అభ్యంతరమూ లేకపోవడం వల్ల పని తేలికైంది. పిల్లలు, వృద్ధులు నిద్ర కాచుకోనవసరం లేకుండా చూడగలిగారు కాబట్టి వచ్చే ఏడాది కూడా ఇదే వేళ ఉంచాలన్నది ఇప్పుడు ఊరి మాట.

ఉత్సవం రోజున సరుకు మధ్యాహ్నం దాటాకే వచ్చింది, అది కూడా ప్రత్యేకంగా కేటాయించిన వాహనంలో. ముందురోజే తెచ్చి ఆలయ సత్రంలో దించుకోవచ్చు కదా అని మేం చెప్పిన సౌకర్యాన్ని వారు సున్నితంగా తిరస్కరించారు. స్థలం దగ్గర నిల్వ అనేదే ఉండకూడదని, వచ్చిన ప్రతి షెల్ గొట్టంలోకి దిగాలని, మిగిలినదేదైనా ఉంటే అదే వాహనంలో వెనక్కి వెళ్ళాలని వారి పద్ధతి. పుట్టింగల్‌లో ఏమి జరిగిందో తెలిసినవారికి ఈ పద్ధతి ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. గొట్టాలు ఇనుపవి కావు, దళసరి హెచ్‌డీపీఈవి. షెల్ పైకి లేవకుండా గొట్టంలోనే పేలితే ఇనుము ముక్కలై నలుదిక్కులా దూసుకుపోతుంది, ఈ ప్లాస్టిక్ చీలుతుందే తప్ప అంతగా ముక్కలు కాదు. వాటిని చెక్క చట్రాల్లో బిగించి, చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి, జనం లేని అవతలి వైపుకు కొద్దిగా వంచి నిలబెట్టారు. పనివారిలో పద్దెనిమిదేళ్ళు నిండనివారు ఎవరూ లేరు. అందరూ నూలు బట్టలే వేసుకున్నారు. సింథటిక్ చొక్కాతో వచ్చిన మా వాలంటీరు ఒకరిని తాడు దాటనివ్వలేదు. సెల్‌ఫోన్లు, అగ్గిపెట్టెలు తాడు దగ్గరే ఒక డబ్బాలో వేయించుకున్నారు. తీర్థం రోజున మా ప్రాంతంలో మద్యం ఎలా పారుతుందో తెలిసినవారికి, ప్రతి పనివాడి నోటినీ పర్యవేక్షకుడే స్వయంగా వాసన చూసి లోపలికి పంపడం ఎంత అవసరమో అర్థమవుతుంది.

వెలిగించడం అంతా కరెంటుతోనే. ప్రతి షెల్ వత్తికీ ఒక చిన్న విద్యుత్ ఇగ్నైటర్ కట్టి, తీగలను దూరంగా ఉన్న ఫైరింగ్ బోర్డుకు కలిపారు. బోర్డుకు తాళంచెవి ఉంది. అది పర్యవేక్షకుడి మెడలోనే వేలాడుతుంది, పొలంలో ఒక్క మనిషి ఉన్నా అది బోర్డులోకి వెళ్ళదు. కాల్చే ముందు, ఇగ్నైటర్ రగలనంత స్వల్ప విద్యుత్తును పంపి ఏ తీగ కలిసిందో ఏది తెగిందో బోర్డు మీది దీపాలతో చూసుకున్నారు. రెండు చోట్ల దీపం వెలగలేదు. ఆ రెండింటినీ సరిచేయడానికి మళ్ళీ పొలంలోకి వెళ్ళకుండా, వదిలేసి ముందుకు సాగాలని నిర్ణయించారు. అప్పటికే జనం తాడు దాకా వచ్చి ఉన్నారు కాబట్టి అదే సరైన నిర్ణయం.

ప్రదర్శన సుమారు ఇరవై నిమిషాలు సాగింది. మొదటి భాగం చాలా అందంగా ఉంది. స్ట్రాన్షియం ఎరుపు, టైటానియం వెండి తెలుపు వెంటవెంటనే చామంతుల్లా విచ్చుకుంటుంటే కోనేటి నీళ్ళలో ప్రతిబింబం పడేలా షెల్లను ఒక పక్కకు వరుసలో అమర్చడం వారి కళాదృష్టికి నిదర్శనం. నాలుగు అంగుళాల షెల్ దాదాపు నాలుగు వందల అడుగుల ఎత్తుకు వెళ్ళి విచ్చుకుంటుంది. మా గాలిగోపురం వెనుక ఆ ఎత్తు ఎంత చక్కగా కుదిరిందంటే, ఆరు అంగుళాలు కావాలని పట్టుబట్టినవారు కూడా ఆ ప్రస్తావన మళ్ళీ తేలేదు. నీలం రంగు కూడా బాగా వచ్చింది. బాణసంచాలో నీలం సాధించడం కష్టం. ఆ రంగునిచ్చే రాగి సమ్మేళనం మంట మరీ వేడెక్కితే విడిపోయి రంగు వెలిసిపోతుంది కాబట్టి, నీలం చూసి చేయి తిరిగినవారెవరో చెప్పవచ్చు. బొగ్గుపొడితో చేసిన బంగారు రంగు షెల్లు నెమ్మదిగా కిందికి జాలువారుతూ ఆరిపోవడం మా ఊరి వృద్ధులకు అన్నిటికంటే నచ్చింది, అవి మన పాత మతాబుల వెలుగుకు దగ్గరగా ఉన్నాయని వారన్నారు.

రెండో భాగం అంత బాగా లేదు. మాఘమాసపు రాత్రి గాలి నిలిచిపోయింది, మంచు కూడా దిగుతోంది. మొదటి పది నిమిషాల పొగ పైనే కమ్ముకుని ఉండటంతో తరువాత పేలిన రంగులు పొగ వెనుక మసకబారాయి. గాలి లేకపోవడం సంస్థ చేతిలో లేదు, నిజమే. కానీ చలికాలపు రాత్రుల్లో కోనసీమలో ఇలా జరగడం వింత కాదు, ఈ వృత్తిలో ఉన్నవారికి అది తెలియనిదీ కాదు. ఎక్కువ పొగ విడిచే రకాలను చివరకు నెట్టి, మధ్యలో రెండు మూడు నిమిషాల విరామాలు ముందే పెట్టుకుని ఉండవలసింది. వరుసక్రమం అంతా బోర్డులో ముందే బిగించి ఉండటం వల్ల వారు అప్పటికప్పుడు దానిని మార్చలేకపోయారు. సంగీతంతో జోడింపు కూడా అంతంత మాత్రమే. నాదస్వరం రికార్డుకు తగినట్లు షెల్లు విచ్చుకుంటాయని ఒప్పందంలో రాశారు, కానీ ధ్వని మైదానం అవతలి చివరకు చేరేసరికి ఆలస్యమై మెరుపుకు, పాటకు పొంతన కుదరలేదు. స్పీకర్లు జనం మధ్య పెట్టి ఉంటే ఇది చాలావరకు తీరేది. దానికి మేం అదనంగా చెల్లించిన సొమ్ము వృథా అయిందనే నా ఉద్దేశం. చిన్న ఊళ్ళ వారు ఈ సంగీతం జోడింపు జోలికి పోకుండా, ఆ డబ్బుతో నాణ్యమైన షెల్లు నాలుగు ఎక్కువ వేయించుకోవడం మేలు. ఒప్పందానికి ముందు వారు చూపించిన వీడియో డ్రోనుతో తీసినది. కింద నిలబడినవారికి కనిపించేది అది కాదు. నేల మీది నుంచి తీసిన వీడియో అడిగి చూడండి.

ముగిసిన వెంటనే తాడు విప్పాలని జనం తొందరపడ్డారు. సంస్థవారు పావుగంట పాటు తమ మనిషిని కూడా పొలంలోకి పంపలేదు. ఆ తరువాత ఇద్దరు మాత్రమే టార్చిలైట్లతో వెళ్ళి ప్రతి గొట్టాన్నీ చూసి, పైకి లేవని షెల్లను గుర్తించారు. అలాంటివాటి దగ్గర తల ఒంచి గొట్టంలోకి చూడకూడదన్నది వారి మొదటి పాఠం. ముందుగా నీళ్ళు పోసి, చాలాసేపు వదిలి, తరువాత తీశారు. మర్నాడు తెల్లవారగానే మళ్ళీ వచ్చి పొలమంతా, కొబ్బరితోటతో సహా, వరుసగా నడుచుకుంటూ వెతికారు. పేలకుండా పడిన ఒక షెల్ తోట కాలువ గట్టున దొరికింది. రాత్రి చీకట్లో అది ఎవరికీ కనబడేది కాదు. కాల్చిన మర్నాడు పేలని టపాకాయల కోసం వెతికే పిల్లలు లేని ఊరు మన రెండు రాష్ట్రాల్లో ఉండదు. వారి చేతికి ఆ షెల్ దొరికి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికే నాకు ధైర్యం చాలడం లేదు. ప్రదర్శన సంస్థల ప్రకటనల్లో ఈ ఉదయపు తనిఖీ గురించి ఒక్క మాట ఉండదు, ఒప్పందంలో నేను మొదట వెతికేది మాత్రం ఇకపై ఇదే.

ఖర్చు సంగతికి వస్తే, 18 శాతం జీఎస్టీతో కలిపి బిల్లు మూడు లక్షల రూపాయలకు కొద్దిగా తక్కువ అయింది. పాత పద్ధతిలో మేం పెట్టే ఖర్చు ఇందులో సగానికి కొంచెం ఎక్కువ. ఈ తేడాలో బీమా కూడా ఉంది. ప్రేక్షకులకు, ఇతరుల ఆస్తికి నష్టం జరిగితే వర్తించే పాలసీ నకలును, పనివారి నష్టపరిహార బీమా నకలును విడివిడిగా ఇచ్చారు. పాలసీ మీద మా ఉత్సవం తేదీ, స్థలం రాసి ఉన్నాయో లేదో చూసుకున్నాం. మీరు కూడా చూసుకోండి, ఎందుకంటే గోదాముకు మాత్రమే వర్తించే పాలసీని చూపించి సరిపెట్టేవారు కూడా ఉన్నారు. బిల్లు మీద నాకున్న అసంతృప్తి ఒక్కటే. అనుమతుల ఖర్చు అని ఒక మొత్తం గుండుగుత్తగా వేశారు. ప్రభుత్వానికి కట్టిన రుసుముల రసీదులు అడిగితే ఇచ్చారు, కానీ రసీదుల మొత్తానికి, బిల్లులోని మొత్తానికి మధ్య తేడా ఎందుకో తృప్తికరంగా చెప్పలేదు. రాకపోకల ఖర్చులని అన్నారు. అలాగే కాగితం తునకలు, ప్లాస్టిక్ మూతలు కోనేట్లో పడ్డాయి. వాటిని తీయించడం ఒప్పందంలో లేదని వారు మొదట చెప్పినా, ఆలయ పుష్కరిణి అని గట్టిగా అడిగిన తరువాత ఇద్దరు మనుషులను పంపి తీయించారు.

చుట్టుపక్కల పశువులున్నవారికి ముందురోజు దండోరా వేయించమని సంస్థ ఇచ్చిన సలహా కూడా మంచిదే. పాడి గేదెలను ఆ సాయంత్రం ఊరి అవతలి పాకల్లో కట్టుకున్నారు. ఆరోగ్య కేంద్రం వైపు శబ్దం లేని రకాలే విచ్చుకునేలా అమర్చడం వల్ల అక్కడి సిబ్బంది నుంచి ఫిర్యాదు రాలేదు.

వచ్చే ఏడాది కూడా వీరినే పిలవాలని కమిటీ తీర్మానించింది. అయితే ఈసారి ఒప్పందంలో కొన్ని షరతులు చేర్చుతున్నాం: సంగీతం జోడింపు ఉండదు, గాలి నిలిచిపోతే వరుసను ఆపి మళ్ళీ నడిపే వీలు బోర్డులో ఉండాలి, అనుమతుల ఖర్చు రసీదుల ప్రకారమే చెల్లిస్తాం, కోనేటి శుభ్రత వారి బాధ్యతే. బిల్లులో మూడో వంతు సొమ్ము మర్నాటి ఉదయం తనిఖీ పూర్తయి, పొలం క్షేమంగా ఉందని రాసి సంతకం పెట్టిన తరువాతే ఇస్తాం. ఈ చివరి షరతుకు సంస్థవారు ఏ బేరమూ ఆడకుండా ఒప్పుకున్నారు.